నన్ను గెలిపించిందెవరు?

ముప్పయ్యేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పొద్దు గడవడం లేదంటే మా అబ్బాయి తన పాత కంప్యూటర్ ఇచ్చి, అందులో ‘సివిలైజేషన్-6’ అనే ఆట పెట్టి వెళ్లాడు. 2016లో వచ్చిన ఆట. ఈ వయసులో ఇవేం ఆటలని నవ్వకండి. పరుగులూ కాల్పులూ కాదు, చదరంగంలా ఆలోచించి ఆడేది. క్రీస్తుపూర్వం 4000లో ఓ గుంపు జనంతో మొదలుపెట్టి, ఊళ్లు కట్టి, పంటలు పండించి, పొరుగు రాజ్యాలతో నెగ్గుకురావాలి. మన దేశం ఎంచుకుంటే నాయకుడు గాంధీగారే!

మూడుసార్లు ఆడాను, మూడుసార్లూ గెలిచాను. పక్కింటివాళ్లకే కాదు, పాలవాడికీ చెప్పుకున్నాను. నాలుగోసారి ఎందుకో ఆవులింతలొచ్చాయి. దసరా సెలవులకు వచ్చిన మనవరాలు తెర చూసి, ‘‘నానమ్మా, ఇది సెట్లర్ లెవెల్. అన్నిటికన్నా తేలిక!’’ అనేసింది.

మొత్తం ఎనిమిది లెవెల్స్ ఉన్నాయట. అడుగున సెట్లర్, పైన డీటీ. మధ్యలో ప్రిన్స్ దగ్గర మాత్రం మనకీ కంప్యూటర్‌కీ సమానం. అంతకు కిందైతే యుద్ధంలో మన సైన్యానికి అదనపు బలం కలుపుతారు. ఫోన్ చేసి అడిగితే, ‘‘ఓడిపోతే మానేస్తావేమోనని అలా పెట్టానమ్మా’’ అన్నాడు మావాడు. మంచికే చేశాడు లెండి. అయినా మనసు చివుక్కుమంది. చిన్నప్పుడు వామనగుంటల్లో వాణ్ణి గెలిపించడానికి నేను చేసిన పనే, వాడు నాకు చేశాడు!

అందరికీ నూటికి నూరు వచ్చే ప్రశ్నపత్రాన్ని పిల్లలు మళ్లీ తిరగెయ్యరు. రెండు లెక్కలు తప్పిన పేపరునే ఇంటికెళ్లాక కూడా ముందేసుక్కూర్చుంటారు. అది తెలిసీ, నా ఆవులింతలెందుకో నాకే తట్టలేదు.

ప్రిన్స్‌కి మార్చాను. నది పక్కన ఊరు పెట్టి, పొలాలూ కట్టడాలూ అంటూ మురిసిపోయాను గానీ కాపలా పెట్టలేదు. దోపిడీ మూకల వేగు ఒకడు వచ్చి ఊరు చూసి తిరిగెళ్లాడంటే వెనకే దండు వస్తుంది. వచ్చింది. పొలాలన్నీ పాడుచేసింది. పొరుగువాళ్లను మళ్లీ అందుకోలేక ఓడిపోయాను. తప్పు నాదేనని తెలిశాక నిద్రెక్కడిది? తెల్లారి కాఫీ కూడా తాగకుండా మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మ్యాపే వేరు. నది దూరం, చుట్టూ కొండలు, పొరుగున ఇంకో రాజు. నిన్న వేసిన ఎత్తులన్నీ ఇవాళ చెల్లవు. వేగు కనబడగానే వెంటపడాలన్నది మాత్రం మర్చిపోలేదు.

మనవరాలు డీటీ ఆడమంటుంది. నేనొప్పుకోను. అక్కడ కంప్యూటర్‌కి బుర్రేం పెరగదు. మనం ఒక్క గుంపుతో మొదలుపెడితే దానికి మూడు గుంపులిస్తారంతే. తక్కెడ కింద చింతపండు అంటించినట్టు!

ప్రిన్స్‌లో ఐదుసార్లు ఓడి, ఆరోసారి గెలిచాను. పట్టలేక పొద్దున్నే పాలవాడికి చెప్పాను. ‘‘మీరెప్పుడూ గెలుస్తారు కదమ్మా’’ అని గిన్నెలో పాలు పోసి వెళ్లిపోయాడు.