లాప్‌టాప్ కొనుటకు ముందు

సోదరీమణులారా! పట్టుచీర కొనునపుడు అంచును త్రిప్పి త్రిప్పి చూచెడి మనము లాప్‌టాపును మాత్రము పైమెఱుగు చూచి కొనుచున్నాము. మా అమ్మాయి కళాశాల చదువునకై చూచినవానిలో మిక్కిలి తేలికయైన దొకటి నాకును నచ్చినది. విచారింపగా, దాని 8 జీబీ ర్యామ్ మదర్‌బోర్డునకే అతికింపబడియున్నదనియు, పిమ్మట పెంచుటకు వీలులేదనియు తెలిసినది. నాలుగేండ్లు చదువవలసిన పిల్లకు అది చాలునా? మఱియొకటి 16 జీబీ గలది. కాని బరువు రెండు కిలోలు దాటినది, ప్రక్కనుండి చూచిన తెర వెలవెలబోవును. దానిపై 512 జీబీ యని వ్రాసిన నిలువ, విండోసులో 476గా కనబడుట మోసము కాదు; తయారుచేయువారు వేయి చొప్పునను, విండోసు 1024 చొప్పునను గణించుటచే కలిగిన భేదము. ఇది యెఱుగక అంగడివానితో నేను వృథాగా కలహించితిని! తుదకు బరువైనదానినే కొంటిమి. సంచి మోయలేనని అమ్మాయి యింకను గొణుగుచునే యున్నది.