వలసయు మహమ్మారియు

ఒక దేశపు జనసంఖ్య జననమరణములచేతనే గాక రాకపోకలచేతను మాఱుచుండును. మా విద్యార్థులకు దీనిని ఎఱిగింపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదునకు పోవు రైలుమార్గము 1874లో తెఱవబడెను. ప్రయాణము సులభమయ్యెను; రోగమునకును దారి సులభమయ్యెను. 1918లో బొంబాయి రేవున తలసూపిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము రైలుదారుల వెంట దేశమంతట వ్యాపించెను. కఱవును దానికి తోడయ్యెను. 1911లో సుమారు 1 కోటి 34 లక్షలుండిన హైదరాబాదు రాజ్యపు జనసంఖ్య 1921 నాటికి 1 కోటి 25 లక్షలకు తగ్గెను.

2020లో కోవిడు ప్రబలగా, మార్చి 25 నుండి దేశమున రాకపోకలు నిలుపబడెను. కూలి లేక పరరాష్ట్రీయులనేకులు కాలినడకనే స్వగ్రామములకు మరలిరి. మే 1న ఈ మార్గమునందలి లింగంపల్లి నుండియే జార్ఖండులోని హటియాకు తొలి శ్రామిక రైలు బయలుదేఱెను. వారు వెడలిపోగా నగరమున గృహనిర్మాణము కుంటుపడెను. వారి శ్రమ విలువ అప్పుడు తెలియవచ్చెను.

కావున రోగమును దూరముంచవలెను గాని బాటసారిని ద్వేషింపరాదు. మనవారును బ్రదుకుదెఱువునకై పట్టణములకు పోవుచున్నారు గదా! వారికి అచ్చట ఎట్టి యాదరము కోరుదుమో, మన యొద్దకు వచ్చిన పరదేశికి దానినే చూపుట క్రైస్తవ ధర్మము.