అరువుపై తిరిగిన గోలుకీపరు

ఫుట్‌బాలు జట్టునందు పదునొకండుగురు ఆటగాండ్రుందురు. అందు పదుగురకు ఒక న్యాయము, మిగిలిన యొక్కనికి వేరొక న్యాయము నడచుచున్నది. ముందువరుస ఆటగాడు అయిదుమారులు గురి తప్పి ఆఱవమారు బంతిని వలలో వేసెనేని అతనిని భుజములపై నెక్కించుకొని ఊరేగింతురు. గోలుకీపరు అయిదు బంతులను ఆపి ఆఱవదానిని విడిచెనేని ఆ యాఱవదానినే అందఱును జ్ఞాపకముంచుకొందురు. మన పాఠశాల మైదానమున ఇది యెంత నిజమో ఐరోపాలోని గొప్ప క్రీడాస్థలములందును అంత నిజము. రుమేనియా దేశస్థుడగు ఇయోనుత్స్ రాదు అను గోలుకీపరు వృత్తాంతము చదివినవారికి ఈ సంగతి చక్కగా బోధపడును.

ఇతడు 1997 మే 28 వ తేదీన రుమేనియా రాజధానియగు బుకారెస్టు నగరమున జన్మించెను. రాదు అను పేరు తెలుగువారి చెవికి నవ్వు పుట్టింపవచ్చును గాని ఆ దేశమున అది మిక్కిలి సామాన్యమైన పేరు. బాల్యముననే ఇటలీ చేరి, పెర్గోలెట్టెసె అను చిన్న క్లబ్బున ఆడి, 2013 లో మిలాను నగరమునందలి ఇంటర్ క్లబ్బువారి బాలుర జట్టున ప్రవేశించెను. ఇంటర్ అనునది ఐరోపాలో పేరుగన్న పెద్ద క్లబ్బులలో నొకటి. 2016 మే 14 న, అనగా పందొమ్మిదేండ్లు నిండుటకు రెండు వారములు ముందుగా, సస్సువోలో జట్టుతో జరిగిన సీజను కడపటి ఆట నడుమ పెద్ద గోలుకీపరుకు బదులుగా దిగి, ఇటలీ ప్రథమశ్రేణి లీగున మొదటిసారి ఆడెను.

అట్టి క్లబ్బున చేరుట యొక యెత్తు, అచ్చట ఆడుట మఱియొక యెత్తు. అందులకే అరువు పద్ధతి యేర్పడినది. ఒక క్లబ్బుతో ఒప్పందము వ్రాసికొన్న ఆటగానిని ఆ క్లబ్బువారు ఆఱునెలలకో సంవత్సరమునకో వేరొక క్లబ్బునకు ఇత్తురు. జీతము ఎవరెంత యిచ్చుకొనవలయునో ఇరువురును మాటలాడుకొందురు. గడువు తీరగానే ఆటగాడు మరల మొదటి గూటికి రావలసినదే. కొన్ని వేళల, నచ్చినచో కొనుక్కొనవచ్చునను షరతు కూడ నుండును. ముందువరుస ఆటగాండ్రయిన ఒకరు గాకున్న మఱియొకరు ఆట నడుమ దిగుచుందురు. కాని గోలునొద్ద ఒక్కడే నిలువవలయును. మొదటివానికి దెబ్బ తగిలిననే గాని రెండవవాడు లేచుట అరుదు. అందుచేత యువకుడగు గోలుకీపరుకు రెండే దారులు: బెంచీపై కూర్చుండి కాలము గడుపుట, లేదా అరువుపై పోయి పరాయి వలను కాచుట. అరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలందురు. అరువు తెచ్చిన ఆటగాని విషయమునను ఈ మాట చెల్లును. తెచ్చుకొన్నవారికి అతనిపై నమ్మకము నిలుచుటకు వ్యవధి యుండదు, అతనికి ఆ యూరిపై మమకారము పుట్టుటకును వ్యవధి యుండదు.

మితి లేకుండ అరువిచ్చుటను ప్రపంచ ఫుట్‌బాలు సంఘమగు ఫీఫా కొంత కట్టుబాటు చేసినది. 2022 జూలై 1 నుండి ఇతర దేశముల క్లబ్బులకు ఒక్క క్లబ్బు ఇంతమందిని మాత్రమే ఈయవచ్చునని నియమించి, ఆ సంఖ్యను ఎనిమిది నుండి క్రమముగా ఆఱునకు దించిరి. ఇరువదియొక్క యేండ్లు మించనివారికిని, క్లబ్బు తానే పెంచి తీర్చినవారికిని ఈ లెక్క వర్తింపదు.

అతని మొదటి అరువు 2017 లో, రెండవశ్రేణిలోని అవెల్లీనో జట్టునకు. అచ్చట సీజను చాలభాగము ఆడి పనితనము చూపెను. మఱుసటి యేట జెనోవా నగరపు క్లబ్బునకు పోయి, ప్రథమశ్రేణిలో ఆ జట్టు గోలును కాచెను. ఆ సీజను చివరకు జెనోవాకును ఎంపోలీకిని 38 పాయింట్లు సమానముగా వచ్చెను. పరస్పరపు ఆటల ఫలితములను బట్టి జెనోవా నిలిచెను, ఎంపోలీ క్రింది శ్రేణికి జారెను. చిత్రమేమన, ఆ కడపటి దినమున ఎంపోలీని ఓడించి జెనోవాను గట్టెక్కించినవారు ఇంటర్ వారే.

2019 జూన్ మాసము అతనికి కలిసివచ్చిన కాలము. ఇరువదియొక్క యేండ్లలోపు యువకుల ఐరోపా పోటీలు ఇటలీలోను సాన్ మరీనోలోను జరిగెను. రుమేనియా యువకులు క్రొయేషియాను 4-1 తోను, ఇంగ్లండును 4-2 తోను ఓడించి, ఫ్రాన్సుతో సమముగా నిలిచి, తమ గుంపులో ప్రథమస్థానము నొందిరి. జూన్ 27 న బొలోన్యా నగరమున జర్మనీ చేతిలో 4-2 తో ఓడిరి గాని, దేశమంతయు ఆ యువకులను మెచ్చుకొన్నది. బొలోన్యా అను పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

పిదప జెనోవావారతనిని కొనుట, ఇంటర్ వారు తిరిగి కొనుట, మరల జెనోవాకే అరువిచ్చుట జరిగెను. 2020 జనవరిలో జెనోవావారు వేరొక గోలుకీపరును తెచ్చుకొనగా ఇతడు పార్మాకు పోయెను. ఆ వేసవి తరువాత ఇంటర్ గూటికి చేరి రెండేండ్లు బెంచీపై కూర్చుండెను. అప్పుడు గోలునొద్ద నిలిచినవాడు స్లొవేనియా దేశస్థుడగు సమీర్ హందానోవిచ్. జట్టు నాయకుడు, బహు అనుభవశాలి. ఇతడును యౌవనమున ఉదినేజె క్లబ్బువారిచే త్రెవీజోకు, లాట్సియోకు, రిమినీకి వరుసగా అరువిచ్చబడినవాడే. కావున అరువుపై తిరిగినవారందఱు చెడుదురనుట తప్పు. హందానోవిచ్ తిరిగి వచ్చిన చోట స్థానము ఖాళీయై యుండెను. రాదు వచ్చిన చోట హందానోవిచ్ ఉండెను. భేదమంతయు నిదియే.

2022 ఏప్రిల్ 27 న హందానోవిచ్ ఆడలేని స్థితిలో నుండుటచే, బొలోన్యాతో జరుగవలసిన ఆటకు రాదును దింపిరి. జనవరిలో అంటువ్యాధి కారణమున వాయిదాపడిన ఆట యది. ఆ సీజను లీగులో అతడు మొదటినుండి నిలిచిన మొదటి ఆటయు నదియే. ఇంటర్ గెలిచినచో మిలాన్ క్లబ్బును ఒక పాయింటుతో దాటి పట్టికలో మొదటికి వచ్చియుండెడిది. మూడవ నిమిషముననే పెరిషిచ్ గోలు చేసెను. ఇరువదియెనిమిదవ నిమిషమున అర్నౌతోవిచ్ సరిచేసెను. ఎనుబదియొకటవ నిమిషమున పెరిషిచ్ ప్రక్కగీత యొద్దనుండి చేతులతో బంతిని తన గోలుకీపరు వైపు విసరెను. రాదు దానిని దూరముగా తన్నబోగా కాలు సరిగా తగులలేదు. వెనుకనే పొంచియున్న సన్సోనె దానిని ఖాళీ వలలోనికి త్రోసెను. ఆట 2-1 తో ముగిసెను.

బంతిని చేతితో పట్టుకొనరాదా యని బాలురడుగుదురు. పట్టుకొనరాదు. 1990 ప్రపంచ పోటీలలో ఆటగాండ్రు మాటిమాటికి బంతిని తమ గోలుకీపరుకు తన్ని, అతడు చేతబట్టి కాలము వ్యర్థపుచ్చగా, చూచువారు విసిగిపోయిరి. అందుపై 1992 లో, తన జట్టువాడు కావలెనని కాలితో తన్నియిచ్చిన బంతిని గోలుకీపరు చేతితో ముట్టరాదని శాసించిరి. 1997 లో ఆ నియమమును ప్రక్కగీతనుండి విసరిన బంతికిని వర్తింపజేసిరి. రాదు పుట్టిన సంవత్సరమును అదియే! పూర్వకాలపు గోలుకీపరు వంగి రెండు చేతులతో ఎత్తుకొనెడి బంతిని, నేటివాడు కాలితోనే చక్కబెట్టవలయును. చేతులను సాధన చేయు వృత్తిలో ప్రవేశించినవానికి కాళ్లపై పరీక్ష పెట్టినట్లున్నది.

ఆ రాత్రినుండి ఇంటర్ లీగు కిరీటమును పోగొట్టినవాడితడేయని పేరు పడినది. లెక్క చూతము. ఆ ఆట తరువాత మిలాన్‌కు 74, ఇంటర్‌కు 72 పాయింట్లు. మిగిలిన నాలుగాటలను ఇరుజట్లును గెలిచెను. తుదకు మిలాన్‌కు 86, ఇంటర్‌కు 84. రాదు తప్పు చేయక ఆట 1-1 తో నిలిచియుండిన, ఇంటర్‌కు ఒక్క పాయింటు మాత్రమే కలిసి 85 అయ్యెడిది, కిరీటము మిలాన్‌దే. మిగిలిన తొమ్మిది నిమిషములలో ఇంటర్ వారే గోలు చేసియుందురేమో యని వాదింపవచ్చును. అది అతని చేతిలోని పని కాదు గదా. ఫిబ్రవరి 5 న మిలాన్‌పై ఒక గోలు ఆధిక్యముతో నుండి, మూడు నిమిషముల వ్యవధిలో జిరూచే రెండు గోలులు చేయించుకొని ఓడినది ఇంటరే. ఆ నెలలోనే సస్సువోలో చేతిలో సొంత మైదానమున ఓడిరి, జెనోవాతో గోలు లేక సమమయిరి. ఆ మూడాటలలో పోయిన పాయింట్లను ఎవరి పద్దున వ్రాయుదురు?

ఈ సందర్భమున రుమేనియాకే చెందిన వేరొక గోలుకీపరు తలపునకు వచ్చుచున్నాడు. 1986 మే 7 న సెవిల్ నగరమున, ఐరోపా కప్పు అంతిమపోటీలో స్త్యావా జట్టుకై హెల్ముత్ డుకడాం బార్సెలోనావారి నాలుగు పెనాల్టీలను వరుసగా ఆపెను. 2024 లో చనిపోవువరకును ఆ యొక్క రాత్రియే అతనికి బిరుదమై నిలిచెను. ఒకనికి రాత్రి వరమైనట్లే మఱియొకనికి శాపమగుట వింత గాదు.

రాదుకు అంతటితో కష్టములు తీరలేదు. 2022 ఆగస్టులో క్రెమొనేజెకు అరువుపై పోయి, ఫియొరెంటీనాతో జరిగిన మొదటి ఆటలోనే, అదనపు కాలమున వచ్చిన బంతిని పట్టి గీత దాటించుకొని జట్టును 3-2 తో ఓడిపోజేసెను. కొంతకాలమునకు స్థానము పోయెను. 2023 జనవరిలో ఫ్రాన్సులోని ఓసేరుకు పోయి తరచుగా ఆడెను గాని, ఆ జట్టు కడపటి దినమున లెన్సు చేతిలో ఓడి క్రింది శ్రేణికి జారెను. తరువాత ఇంగ్లండులోని బోర్న్‌మత్ క్లబ్బు, అచ్చట బెంచీయే. మూడు నగరములు, మూడు భాషలు, ప్రతిచోటను క్రొత్త ఇల్లు, క్రొత్త కోచ్, ప్రతిచోటను బొలోన్యా సంగతి ముందుగానే విన్న ప్రేక్షకులు.

2025 ఆరంభమున వెనీస్ నగరపు క్లబ్బు అతనిని చేర్చుకొన్నది. జట్టు పట్టిక అడుగున నున్నది. ఫిబ్రవరి, మార్చి మాసములలో లాట్సియో, అతలాంతా, నాపొలి వంటి పెద్ద జట్లు వెనీస్ వారితో ఆడి ఒక్క గోలైనను చేయలేకపోయెను. మార్చి 16 న నాపొలితో 0-0 గా ముగిసిన ఆటలో రాదు కాపలా ప్రశంసలు పొందెను. ఆ సంవత్సరము నాపొలి 82 పాయింట్లతో కిరీటము గెలువగా, ఇంటర్ 81 తో రెండవదయ్యెను. నాపొలివారికి రెండు పాయింట్లు పోగొట్టి, తనను నిందించిన ఇంటర్ అభిమానులకు ఉపకారము చేసినవారిలో ఇతడొకడు; అది యెవరును తలపెట్టినట్లు కానరాదు. వెనీస్ కడపటి ఆటలో యువెంటస్ చేతిలో 3-2 తో ఓడి క్రింది శ్రేణికి పోయెను.

ఆ వేసవిలోనే స్పెయిన్ దేశమునందలి వీగో నగరపు సెల్టా క్లబ్బువారు అతనిని పిలిచిరి. ఈమారు తిరిగి పంపవలసిన గడువు లేదు. అరువుగా గాక తమ సొంత ఆటగానిగనే వ్రాయించుకొనిరి. ఆగస్టులో సీజను మొదలైనప్పుడు వలయొద్ద నిలిచినవాడు అతడే.