తంబురను వినిపించి ఫోను కొనుట

మామిడి కాలమున కృష్ణగిరి మండీకి పోయిన మన రైతు ఎవ్వడును గంపపై నంటించిన చీటీని చదివి పండు కొనడు. తొడిమ కడ ముక్కు నానించి వాసన చూచును, బొటనవ్రేలితో మెల్లగా నొత్తి చూచును, ఒక పండును కోయించి నాలుక మీద నుంచుకొన్న పిదపగాని ధర మాట యెత్తడు. ఆ రైతే హోసూరు బస్టాండు చెంతనున్న ఫోనుల అంగడిలో నడుగిడినప్పుడు మాత్రము, ఇంతటి పరీక్షాకౌశలమును వాకిటనే విడిచి, డబ్బామీద నచ్చొత్తిన అంకెలను నమ్మి వేలకు వేలు చెల్లించి వచ్చును. మృదంగము నేర్చుకొనుచున్న నా మేనల్లుడు "పాటలకు మంచి ఫోను కావాల మామా, నువ్వూ రా" అని నన్ను వెంటబెట్టుకొని పోయినప్పుడు, పండును పరీక్షించినట్లే నాదమును గూడ పరీక్షించి కొనుట సాధ్యమేనా యను ప్రశ్న నాకు కలిగినది. సాధ్యమే, అందులకు మన సంగీతమే సాధనము.

పాటల కొరకే ఒక ఫోను అను తలంపు క్రొత్తది కాదు. 1979లో సోనీ సంస్థ వాక్‌మన్ అను పేర క్యాసెట్టు యంత్రమును జేబులోనికి దెచ్చినది. ఆ పేరే 2005లో సోనీ ఎరిక్సన్ డబ్ల్యూ800 అను ఫోను మీదికి వచ్చినది. పిమ్మట నోకియా వారి ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ ఫోనులు, తెర ప్రక్కనే పాటను ఆపుటకును జరుపుటకును మీటలు గల 5310 మొదలైనవి, మన కుర్రకారు జేబులలో మ్రోగినవి. ఆ నోకియా సంస్థ మన రాష్ట్రమునందే శ్రీపెరుంబుదూరులో 2006లో తెరచిన కర్మాగారము 2014 నవంబరులో మూతపడినది. నేడు హోసూరు చెంతనే టాటా వారి కర్మాగారములో ఐఫోనుల పైచట్రములు తయారగుచున్నవి. ఫోనులు మన యింటి ప్రక్కనే రూపొందుచున్నను, అవి పలుకు నాదమును తూచు విద్య మనకింకను అలవడలేదు.

అంగడివాడు రెండు ఫోనులను ప్రక్కప్రక్కన నుంచి, దరువుల హోరు గల సినిమా పాటనొకదానిని నిండు ధ్వనితో మ్రోగించెను. రెండవ ఫోను కొంచెము బిగ్గరగా పలికినది; మా వాడు వెంటనే "ఇదే" అనెను. మన చెవి మోసపోవు మొదటి చోటు ఇదియే. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చెవి స్వభావమును కొలిచి, ధ్వని మెల్లగా నున్నప్పుడు మంద్రస్వరములును మిక్కిలి తారస్థాయి స్వరములును మనకు తక్కువగా వినబడుననియు, ధ్వని పెరిగినకొలది అవి నిండుకొనుననియు చూపిరి. కనుక రెండింటిలో రవంత బిగ్గరగా మ్రోగునది, నాణ్యము సమానమే యైనను, నిండుగా తోచును. బాస్ బూస్ట్ వంటి అలంకారములనన్నిటిని ఆపి, రెండు ఫోనులలోను ఒకే పాటను, ఒకే ఫైలుగా, మన మెమరీ కార్డు నుండియే పెట్టి, ధ్వనిని సరిసమానముగ నుంచిన పిమ్మటనే పరీక్ష మొదలు పెట్టవలెను.

ఏ పాటను వినవలెను? నా మట్టుకు నేను మొదట తంబురనే వినిపింతును. వాద్యములలో ఇంత నిరాడంబరముగా కనిపించి ఇంత క్లిష్టముగా మ్రోగునది మరియొకటి లేదు. తీగె వెడల్పైన గుర్రము మీద, ఒక సన్నని దారపు పోగు ఆధారముగ, తాకియు తాకనట్లు కదలుచుండును. తీగెను మీటిన చోట నిశ్చలబిందువు ఉండవలసిన అనుస్వరములు పుట్టరాదని యంగు, హెల్మ్‌హోల్ట్‌జ్‌ల సూత్రము; తంబురలోను వీణలోను అవియు బలముగా పలుకుచున్నవని సి.వి. రామన్ 1921లో ప్రకటించెను. అందుచేత తంబుర యొక్క ఒక్క మీటునందు మంద్రము మొదలు వేల కంపనముల వరకు అనుస్వరముల వరుస అంతయు లేచి, క్షణక్షణమునకు రంగు మార్చుకొనుచు అణగిపోవును. ఫోను గాని, ఇయర్‌ఫోను గాని ఆ విస్తారములో ఏ యొక్క చోటనైన మూగపోయినను, ఏ చోటనైన కేకలు వేసినను, ఆ రంగుల ప్రవాహము తెగి, తంబుర తుమ్మెద ఝంకారమును విడిచి రేకుడబ్బావలె పలుకును. దీనిని కనిపెట్టుటకు పాండిత్యమక్కరలేదు. ఒక్క నెల తంబుర ప్రక్కన గూర్చున్న బాలుడైనను చాలును.

తంబురకు తోడు ఒంటరి గాత్రమును వినవలెను. దానికి వేరొక కారణము కలదు. సి.డి.లో నాదమును సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో నొకదానిగా వ్రాయుదురు. నాలుగు నిమిషముల పాటకు ఇది సుమారు 42 మెగాబైట్లగును. అదే పాట 128 కిలోబిట్ల ఎం.పి.3గా నాలుగు మెగాబైట్లకు లోబడి యిమిడిపోవును. పదునొకండు వంతులలో పది వంతులు ఎక్కడికి పోయినవి? బలమైన ధ్వని ప్రక్కనున్న బలహీనధ్వని చెవికి అందదు గదా. రథోత్సవమునాడు హోసూరు చంద్రచూడేశ్వరుని కొండ క్రింద నాదస్వరము మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు. అట్లు మరుగుపడు ధ్వనులను లెక్కగట్టి విడిచివేయుటయే ఎం.పి.3 కిటుకు. జర్మనీ దేశమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో దీనికై పాటుపడిన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్, వాద్యసహకారము లేక సుజాన్ వేగా పాడిన ఒక పాటను తన పద్ధతిలో కుదించి చూడగా ఆమె కంఠము వికృతమై వినబడినదట. ఆ పాటనే మరల మరల విని ఆయన తన పద్ధతిని సవరించుకొనెను. ఒంటరి కంఠమునకు చాటు లేదు గనుక దోషము దాగలేదు. తాళములు గూడ ఇట్టివే: బిగించి కుదించిన ఫైలులో తాళపు దెబ్బకు ముందే ఒక మసక ధ్వని లేచి, అంచు మొద్దువారును. చేతులు మారి మారి వచ్చిన పాటను పెట్టి ఫోనును తిట్టుట, వడలిన పండును తిని చెట్టును తిట్టుటయే గదా.

ఇక మృదంగము. సామాన్యమైన చర్మవాద్యములో ఉపరిస్వరములు మూలస్వరమునకు 1.59, 2.14 రెట్లుగా, పొత్తు లేని లెక్కలలో వచ్చును. మృదంగపు కుడిమూతి మీది నల్లని ముద్ద వలన అవి 2, 3, 4, 5 రెట్లుగా శ్రుతిలో కుదురునని రామన్, శివకాళి కుమార్ అను సహచరునితో గూడి 1920లో 'నేచర్' పత్రికలో తెలిపెను. కుడిచేతి మీటు ఏ ఫోనులోనైన కొంత పలుకును. ఎడమవైపు తొప్పి మాటయే వేరు. వంద కంపనముల స్వరమునకు గాలిలో అల పొడవు మూడు మీటర్లకు పైబడును; బొటనవ్రేలి గోరంత స్పీకరు అంత గాలిని కదల్పజాలదు. ఐనను 200, 300, 400 కంపనముల స్వరములు కలిసి వచ్చినచో మెదడు లేని 100ని తానే కల్పించుకొనును; అందుచేతనే చిన్న ఫోనులో గూడ మగవాని కంఠము ఆడుకంఠముగా మారదు. కాని తొప్పి గుండెకు తగులు ఆ బరువును మెదడు కల్పించుకొనజాలదు. ఫోను స్పీకరు నుండి దానిని ఆశించుట వృథా.

డబ్బామీది అంకెలలో 192 కిలోహెర్ట్‌జ్ అను దానికి నేనొక్క రూపాయియు ఎక్కువ ఈయను; మనుష్యుని చెవి 20,000 కంపనములకు పైన వినదు, ఏండ్లు పైబడినకొలది అంతవరకైనను వినదు. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ వంటి మేలైన పద్ధతి ఫోనులోను ఇయర్‌ఫోనులోను రెండింటను ఉండిననే ఫలించును.

మేము చేసిన కడపటి పరీక్ష యిది. నాలుగువేల రూపాయల అంతరము గల రెండు ఫోనులకు ఒకే తీగె ఇయర్‌ఫోనును ఐదు మారులు మార్చి మార్చి తగిలించి, ఏది యేదో చెప్పక, మా వానిని వెనుదిరిగి నిలువుమంటిని. ఊహించి చెప్పినను ఐదింటికి ఐదు సరిపోవుట ముప్పదిరెండింట ఒక్కసారి మాత్రమే జరుగును. వాడు మూడు సరిగా చెప్పి రెండు తప్పెను. పిమ్మట ఫోను నొకదానినే యుంచి, ఇయర్‌ఫోనులను మార్చితిమి. ఐదింటికి ఐదును క్షణములో చెప్పివేసెను. నాదభేదమెల్ల చెవికి తగులు కొసయందే కలదని మా యిద్దరికిని తేటపడినది. తక్కువ ధర ఫోనును తీసికొని, మిగిలిన సొమ్ములో కొంత పెట్టి చెవిరంధ్రమును చక్కగా మూయు ఇయర్‌ఫోనును కొంటిమి.

చెవిని మూయుటలో నింకొక లాభము కలదని కృష్ణగిరికి తిరిగి పోవు బస్సులో తెలిసినది. వారమునకు 40 గంటలు 80 డెసిబెల్‌ల వరకు వినవచ్చుననియు, 90 డెసిబెల్‌లైనచో నాలుగు గంటలకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. బస్సు ఇంజను రొదను మించుటకై మన పిల్లలు ధ్వనిని పెంచుచు పోవుటలో ఆ హద్దు తెలియకయే దాటిపోవును. చెవి మూసియున్నందున, మునుపు ముప్పాతిక దాటించు మా వాడు ఆనాడు సగము కంటె తక్కువలోనే యుంచి వినుచుండెను. శూళగిరి దాటిన పిదప ఒక చెవి కొసను తీసి నాకందించి, "తొప్పి వినబడతా ఉంది, చూడు మామా" అనెను.