పీపా నిండా బీరు... గల్లాపెట్టె ఖాళీ!

బ్రిటన్‌లో పబ్బులు మూతపడుతున్నాయన్న వార్త కనబడితే 'పీడా పోయింది' అనుకుంటాం మనలో చాలామందిమి. అనుకోమూ మరి! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ వింటూ పెరిగినవాళ్లం. కానీ అక్కడి పల్లెటూరి పబ్బు మన సారా కొట్టు లాంటిది కాదు. ఆదివారం పిల్లాపాపలతో భోజనానికి వెళ్లేదీ, ఎవరైనా పోతే అంత్యక్రియలయ్యాక నలుగురూ కూర్చునేదీ అక్కడే. పోస్టాఫీసూ, కిరాణా కొట్టూ ఎత్తేసిన ఊళ్లలో మిగిలిన రచ్చబండ అదొక్కటే. దాన్ని నడిపేది ఆడమనిషైతే ఆవిణ్ని 'ల్యాండ్‌లేడీ' అంటారు. ఇదేం కొత్త కాదు. మధ్యయుగాల ఇంగ్లండులో ఇంట్లో బీరు కాచి అమ్మింది ఎక్కువగా ఆడవాళ్లేనట.

2000 ప్రాంతంలో అక్కడ 60 వేల దాకా ఉన్న పబ్బులు ఇప్పుడు 45 వేలకు అటూ ఇటూగా మిగిలాయి. అద్దెలు, కరెంటు బిల్లులు, మారిన అలవాట్లు... కారణాలు బోలెడు. అందులో పన్ను సంగతి మాత్రం ఇంటి ఖర్చు రాసుకునే మనకి ఇట్టే అర్థమవుతుంది.

ఒక పైంటు, అంటే 568 మిల్లీలీటర్ల బీరు తీసుకుందాం. ఆల్కహాలు 4 శాతం. పబ్బులో ధర 5 పౌండ్లనుకుందాం. 2025 ఫిబ్రవరి రేట్ల ప్రకారం అందులో మద్యం సుంకం 43 పెన్నీలు, 20 శాతం వ్యాట్ కింద మరో 83 పెన్నీలు. వెరసి పౌనూ పాతిక పైమాటే. సుంకం బీరు తయారుచేసేవాళ్లే కట్టినా, పీపా ధరలో కలిపేస్తారు కనుక భారం ల్యాండ్‌లేడీ నెత్తినే పడుతుంది. మిగిలినదాంట్లోంచి పీపా ఖరీదు, అద్దె, జీతాలు, చలికాలమంతా గది వెచ్చగా ఉంచే ఖర్చు, అన్నీ వెళ్లాలి.

అంతే బీరు సూపర్ మార్కెట్లో ఒకటిన్నర పౌండుకి దొరికిందనుకోండి. సుంకం దాదాపు 50 పెన్నీలు, వ్యాట్ 25. మొత్తం ముప్పాతిక పౌండు. బీరు అదే, మత్తూ అదే. ఆవిడ గ్లాసులో పోసిచ్చినందుకు ప్రభుత్వానికి అర పౌండు ఎక్కువ! పైగా సూపర్ మార్కెట్ వాళ్లు బీరు చవగ్గా ఇచ్చి మిగతా సరుకుల మీద రాబట్టుకోగలరు. పంచదార ధర తగ్గించి పప్పులు అంటగట్టే కొట్టు మనకి తెలియంది కాదుగా. ఇది ఎందాకా పోయిందంటే, కనీసం సుంకం, వ్యాట్ కలిపినంత ధరకైనా అమ్మాలని 2014లో ఇంగ్లండులో నిబంధన పెట్టాల్సి వచ్చింది.

పెద్ద గొలుసు కంపెనీలు బేరమాడతాయి. ఏ కంపెనీకీ చెందని చిన్న పబ్బుకి ఆ బలం లేదు. దాన్ని 'ఫ్రీ హౌస్' అంటారు. బీరు ఉచితమని కాదు లెండి, ఎవరి దగ్గరైనా కొనుక్కునే స్వేచ్ఛ ఉందని. 2008 నుంచి 2013 దాకా ఏటా ధరల పెరుగుదల కంటే 2 శాతం ఎక్కువగా సుంకం పెంచుతూ పోతే ముందు కుదేలయ్యేది ఇలాంటివే కదా.

'పోనీ, తాగుడు తగ్గుతుందిగా' అంటారా? తాగడం పూర్తిగా మానరు, చోటు మారుస్తారు. ఇప్పుడు అక్కడి బీరులో సగానికి పైగా అమ్ముడయ్యేది దుకాణాల్లోనే. తాగి తూలుతున్నవాడికి మళ్లీ పోయడం అక్కడ చట్టప్రకారం నేరం. 'ఇక చాలు, ఇంటికెళ్లు' అని చెప్పే హక్కు ల్యాండ్‌లేడీకి ఉంది. డజను డబ్బాలు ఫ్రిజ్‌లో పెట్టుకుని సోఫాలో కూర్చున్నవాడికి ఆ మాట చెప్పాల్సింది పెళ్లాం. చెప్పి బతికి బట్టకట్టాల్సిందీ ఆవిడే. మద్యం మీద పన్ను వద్దని నేననను. పోసే చోటును బట్టి తేడా ఉండాలంటాను.

ఆ తేడా 2023 ఆగస్టులో గానీ రాలేదు. పబ్బులో పీపా నుంచి పోసే బీరుకి సుంకం కాస్త తగ్గించారు. దానికీ ఓ తిరకాసుంది. 2021లో మొదట ప్రకటించినప్పుడు పీపా కనీసం 40 లీటర్లదై ఉండాలన్నారు. సంప్రదాయ పద్ధతిలో కాచిన బీరు పీపా తెరిచాక మూడు రోజులకు మించి రుచి నిలవదు. పదిమంది వచ్చే పల్లె పబ్బు అంత పెద్ద పీపా తెచ్చుకుని ఏం చేస్తుంది? పులిసిన దోసెల పిండిలా పారబోసుకోవాలి. చిన్న తయారీదారులు గోల పెట్టాక దాన్ని 20 లీటర్లకు దించారు.

2024 అక్టోబరు బడ్జెట్‌లో పీపా బీరు సుంకం ఇంకో 1.7 శాతం తగ్గింది. పైంటుకి ఒక్క పెన్నీ! అదే బడ్జెట్‌లో జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్సును 13.8 నుంచి 15 శాతానికి పెంచారు. అది మొదలయ్యే జీతాన్ని ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కి దించారు. మరీ చిన్నవాళ్లకు మినహాయింపు పెంచారనుకోండి. కాస్త ఎక్కువమందికి పనిచ్చే ల్యాండ్‌లేడీకి మాత్రం, వారానికి నాలుగు పూటలొచ్చి గ్లాసులు కడిగే అమ్మాయి జీతం మీద కూడా ఇప్పుడు కట్టాల్సిందే.