కంప్రెస్డ్ సెన్సింగ్

కంప్రెస్డ్ సెన్సింగ్ అనేది 2004 తరువాత అనువర్తిత గణితంలో రూపుదిద్దుకొన్న ఒక సిద్ధాంతం. తెలుగులో దీనిని సంపీడిత సంవేదనం అనవచ్చు. ఒక బొమ్మను గాని, ధ్వనిని గాని, మరే ఇతర సంకేతాన్ని గాని తిరిగి నిర్మించడానికి ఎన్ని కొలతలు అవసరం అన్నది ఈ సిద్ధాంతం పరిశీలించే ప్రశ్న. వెతుకుతున్న సంకేతంలో ముఖ్యమైన అంశాలు కొద్దిగానే ఉన్నాయని ముందుగా తెలిస్తే, పాత పద్ధతులు కోరే కొలతలలో కొద్ది భాగంతోనే దానిని తిరిగి పొందవచ్చునని ఈ సిద్ధాంతం నిరూపిస్తుంది. ఎం.ఆర్.ఐ. స్కానింగును వేగవంతం చేయడం దీని ప్రధాన ఉపయోగాలలో ఒకటి.

నేపథ్యం

నిరంతరంగా మారే సంకేతాన్ని కంప్యూటరులో భద్రపరచాలంటే నిర్ణీత వ్యవధులలో దాని విలువలను కొలవాలి. ఈ విలువలను నమూనాలు అంటారు. సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు సేకరిస్తే సంకేతం మొత్తాన్ని తిరిగి పొందవచ్చునని నమూనా సిద్ధాంతం చెబుతుంది. హారీ నైక్విస్ట్ 1928లోను, వ్లాదిమిర్ కోటెల్నికోవ్ 1933లోను, క్లాడ్ షానన్ 1949లోను ప్రచురించిన పత్రాలు దీనికి పునాది. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులు వినిపిస్తాయి. అందువల్లనే సంగీతపు సి.డి.లో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి.

ఇంత శ్రమపడి సేకరించిన సమాచారంలో చాలా భాగం తరువాత వృథా అవుతుంది. డిజిటల్ కెమెరా కోటి పిక్సెళ్ళ విలువలను కొలుస్తుంది. ఆ వెంటనే జేపెగ్ పద్ధతి ఆ బొమ్మను కుదించి, కంటికి తేడా తెలియనంతగా చిన్న ఫైలుగా మారుస్తుంది. చివరకు పారవేయవలసిన సమాచారాన్ని మొదట కొలవడం ఎందుకు, అవసరమైన దానినే నేరుగా కొలవలేమా అన్న ప్రశ్న నుండి కంప్రెస్డ్ సెన్సింగ్ పుట్టింది. ఫోటోల విషయంలో ఈ వృథా వల్ల పెద్దగా నష్టం లేదు. కాని ప్రతి కొలతకు సమయమో, ధనమో, రోగి ఓర్పో ఖర్చయ్యే చోట ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది.

విరళత్వం

ఒక సంఖ్యల వరుసలో చాలా వరకు సున్నాలే ఉండి, కొద్ది స్థానాలలో మాత్రమే సున్నా కాని విలువలు ఉంటే దానిని విరళమైన వరుస అంటారు. సామాన్యమైన ఫోటోలో పిక్సెళ్ళ విలువలు సున్నాలు కావు. కాని ఆ బొమ్మను వేవ్‌లెట్లు అనే మూలరూపాల మొత్తంగా రాస్తే, వాటి గుణకాలలో అధిక భాగం సున్నాకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆకాశం, గోడ వంటి నునుపైన భాగాలు కొద్ది గుణకాలతోనే తేలిపోతాయి. అంచుల వద్ద మాత్రమే ఎక్కువ గుణకాలు కావాలి. అంటే విరళత్వం బొమ్మలో నేరుగా కనిపించకపోయినా, సరైన రూపంలో రాసినపుడు బయటపడుతుంది.

నాణేల ఉదాహరణ

విరళత్వం ఎంత ఉపయోగకరమో ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చు. 0 నుండి 7 వరకు సంఖ్యలు వేసిన ఎనిమిది నాణేలు ఉన్నాయనుకుందాం. వాటిలో ఏడు నాణేలు ఒక్కొక్కటి 10 గ్రాములు, ఒకటి మాత్రం దొంగ నాణెం, దాని బరువు 9 గ్రాములు. ఒక్కొక్క నాణేన్ని విడిగా తూచితే ఏడు తూకాల వరకు అవసరం కావచ్చు.

అలా కాక మొదటిసారి 4, 5, 6, 7 నాణేలను, రెండవసారి 2, 3, 6, 7 నాణేలను, మూడవసారి 1, 3, 5, 7 నాణేలను కలిపి తూచవచ్చు. దొంగ నాణెం ఉన్న తూకంలో 39 గ్రాములు, లేని తూకంలో 40 గ్రాములు వస్తాయి. ఫలితాలు వరుసగా 39, 40, 39 అయితే దొంగ నాణెం మొదటి, మూడవ గుంపులలో ఉంది, రెండవ గుంపులో లేదు. అటువంటి నాణెం 5 ఒక్కటే. ఇదే పద్ధతిలో 1,000 నాణేలకు 10 తూకాలు సరిపోతాయి.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, దొంగ నాణెం ఒక్కటే అన్న ముందస్తు సమాచారం వల్లనే ఈ పొదుపు సాధ్యమైంది. రెండవది, ప్రతి తూకం అనేక నాణేలను కలిపి కొలిచింది. కంప్రెస్డ్ సెన్సింగు కూడా ఈ రెండు సూత్రాల మీదనే ఆధారపడుతుంది. అయితే దొంగ నాణేలు అనేకం ఉండి, వాటి బరువులు కూడా తెలియకపోతే ఏమి చేయాలన్నది అసలు సమస్య.

అసంపూర్ణ సమీకరణాలు

ప్రతి కొలత ఒక సమీకరణం. తెలియని రాశుల కంటే సమీకరణాలు తక్కువగా ఉంటే సాధనలు అనంతంగా ఉంటాయని విద్యార్థులు పాఠశాలలోనే నేర్చుకుంటారు. ఉదాహరణకు క + 2గ = 10 అన్న ఒక్క సమీకరణాన్ని తీసుకుందాం. క = 10, గ = 0 ఒక సాధన. క = 4, గ = 3 మరొకటి. వీటిలో దేనిని ఎంచుకోవాలి?

వర్గాల మొత్తం కనిష్ఠంగా ఉన్న సాధనను ఎంచుకోవడం చిరకాలంగా ఉన్న పద్ధతి. ఈ పద్ధతికి ఆధారమైన మాత్రికల సాధారణీకృత విలోమాల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు, ఎస్.కె.మిత్రాతో కలసి 1971లో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించారు. పై సమీకరణానికి ఈ పద్ధతి క = 2, గ = 4 అన్న జవాబు ఇస్తుంది. వర్గాల మొత్తం 20. ఈ జవాబులో రెండు రాశులూ సున్నా కావు. సాధారణంగా ఈ పద్ధతి విలువను అన్ని స్థానాలకూ పంచిపెడుతుంది కనుక విరళమైన జవాబును పట్టుకోలేదు.

వర్గాలకు బదులు పరమ మూల్యాల మొత్తాన్ని కనిష్ఠం చేస్తే జవాబు మారుతుంది. క = 2, గ = 4 అయినపుడు ఆ మొత్తం 6. క = 0, గ = 5 అయినపుడు 5. ఇంతకంటే తక్కువ రాదు. ఈ జవాబులో ఒక రాశి సున్నా అయింది. పరమ మూల్యాల మొత్తాన్ని కనిష్ఠం చేయడం సహజంగానే సున్నాల వైపు మొగ్గు చూపుతుంది. అయితే క = 10, గ = 0 కూడా అంతే విరళమైన సాధన. ఒకే ఒక సమీకరణంతో వీటిలో అసలైనది ఏదో తేల్చడం సాధ్యం కాదు. ఎన్ని సమీకరణాలు ఉంటే, అవి ఎటువంటివైతే ఈ సందేహం తీరుతుందో చెప్పడమే సిద్ధాంతం పని.

అన్నిటికంటే విరళమైన సాధనను నేరుగా వెదకవచ్చు కదా అనిపించవచ్చు. కాని 1,000 స్థానాలలో 10 స్థానాలను ఎంచుకొనే విధానాల సంఖ్య 24 అంకెలు గలది. అన్నింటినీ పరీక్షించడం ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు. ఈ సమస్య సాధారణ రూపంలో ఎన్.పి. కఠినమని 1995లో బి.కె.నటరాజన్ చూపించారు. పరమ మూల్యాల మొత్తాన్ని కనిష్ఠం చేయడం మాత్రం లీనియర్ ప్రోగ్రామింగ్ సమస్య. దానిని వేగంగా సాధించే పద్ధతులు ఉన్నాయి.

సిద్ధాంతం పుట్టుక

పరమ మూల్యాల పద్ధతి కొత్తది కాదు. భూకంప తరంగాల ద్వారా భూగర్భాన్ని పరిశీలించే శాస్త్రజ్ఞులు 1970లలోనే దానిని వాడారు. గణాంకశాస్త్రంలో రాబర్ట్ టిబ్షిరానీ 1996లో లాసో అనే పద్ధతిని ప్రతిపాదించారు. స్కాట్ చెన్, డేవిడ్ డోనోహో, మైకెల్ సాండర్స్ 1998లో బేసిస్ పర్స్యూట్ అనే పద్ధతిని ప్రచురించారు. అది ఎంత తక్కువ కొలతలతో, ఎందుకు పనిచేస్తుందో మాత్రం స్పష్టంగా తెలియదు.

2004లో ఇమ్మాన్యుయేల్ కాండెస్, జస్టిన్ రాంబర్గ్, టెరెన్స్ టావో ఒక పరిశోధన పత్రాన్ని రాశారు. తల అడ్డుకోతను పోలిన షెప్-లోగన్ బొమ్మను వారు పరీక్షకు తీసుకున్నారు. ఆ బొమ్మ పౌనఃపున్య సమాచారంలో కేంద్రం గుండా పోయే 22 రేఖల మీది విలువలను మాత్రమే ఉంచి, మిగిలినవి తొలగించారు. తెలియని విలువలను సున్నాలుగా భావించే పాత పద్ధతిలో చారలతో నిండిన బొమ్మ వచ్చింది. పక్కపక్క పిక్సెళ్ళ మధ్య తేడాల మొత్తాన్ని కనిష్ఠం చేస్తే అసలు బొమ్మ ఏ లోపం లేకుండా తిరిగి వచ్చింది. అదే కాలంలో డోనోహో కూడా విడిగా ఇటువంటి ఫలితాలు సాధించారు. ఈ రెండు పత్రాలూ 2006లో అచ్చయ్యాయి. కంప్రెస్డ్ సెన్సింగ్ అన్న పేరు డోనోహో పత్రం శీర్షికే.

యాదృచ్ఛికత పాత్ర

కావలసిన కొలతల సంఖ్య మొత్తం స్థానాల సంఖ్య మీద కాక, ప్రధానంగా సున్నా కాని స్థానాల సంఖ్య మీద ఆధారపడుతుంది. సున్నా కాని స్థానాల సంఖ్యను, మొత్తం స్థానాలను ఆ సంఖ్యతో భాగించగా వచ్చిన దాని లాగరిథంతో గుణిస్తే, ఒక స్థిరాంకం తేడాతో కావలసిన కొలతల సంఖ్య వస్తుంది. పది లక్షల స్థానాలలో 1,000 మాత్రమే సున్నా కానివైతే, ఆ స్థిరాంకాన్ని పక్కన పెడితే ఈ విలువ సుమారు 7,000.

ఈ కొలతలను ఎలా ఎంచుకోవాలన్న దానికి సమాధానం ఆశ్చర్యకరమైనది. వాటిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే చాలు. విరళమైన వరుసలు వేర్వేరుగా ఉన్నంత వరకు వాటి కొలతలు కూడా తగినంత వేర్వేరుగా ఉండాలన్న ధర్మాన్ని కాండెస్, టావో 2005లో నిర్వచించారు. యాదృచ్ఛికంగా నిర్మించిన మాత్రికకు ఈ ధర్మం దాదాపు 1 కి సమానమైన సంభావ్యతతో ఉంటుంది. కాని చేతికి ఇచ్చిన మాత్రికకు ఆ ధర్మం ఉన్నదీ లేనిదీ తేల్చడం కఠిన సమస్య అని 2013, 2014 సంవత్సరాలలో నిరూపణలు వచ్చాయి. యాదృచ్ఛికత లేకుండా అంతే మంచి మాత్రికను నిర్మించే పద్ధతి ఇంకా దొరకలేదు. ఆ దిశలో జాన్ బోర్గాన్, అతని సహచరులు 2011లో ఒక ముందడుగు వేశారు.

ఎం.ఆర్.ఐ. స్కానింగులో ఉపయోగం

ఎం.ఆర్.ఐ. యంత్రం శరీరపు బొమ్మను నేరుగా తీయదు. బొమ్మ యొక్క ఫోరియర్ పరివర్తనలోని విలువలను ఒక వరుస తరువాత ఒక వరుసగా కొలుస్తుంది. ప్రతి వరుసకు కొంత సమయం పడుతుంది. అంతసేపు రోగి కదలకూడదు. గుండె, కాలేయం వంటి అవయవాలను చూడాలంటే ఊపిరి బిగబట్టాలి. చిన్న పిల్లలు అలా ఉండలేరు కనుక తరచుగా మత్తు ఇవ్వవలసి వస్తుంది. కొలతలు తగ్గితే మత్తు సమయమూ, దానితో వచ్చే ప్రమాదమూ తగ్గుతాయి.

మైకెల్ లస్టిగ్, డోనోహో, జాన్ పాలీ 2007లో ఈ పద్ధతిని ఎం.ఆర్.ఐ.కి వర్తింపజేసిన పత్రాన్ని ప్రచురించారు. తరువాత స్టాన్‌ఫర్డ్‌లోని పిల్లల ఆసుపత్రిలో దీనిని పరీక్షించారు. 2017లో సీమెన్స్, జి.ఇ. సంస్థల కంప్రెస్డ్ సెన్సింగ్ ఉపకరణాలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. గణితశాస్త్రం వెలుపల ప్రభావం చూపిన గణిత కృషికి ఇచ్చే గాస్ బహుమతిని 2018లో డోనోహో అందుకున్నారు.

ఇతర ఉపయోగాలు

* అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2006లో ఒకే ఒక కాంతి గ్రాహకంతో పనిచేసే కెమెరాను ప్రదర్శించారు. చిన్న చిన్న అద్దాలు యాదృచ్ఛికంగా తిరిగి, ప్రతిసారీ దృశ్యంలో కొంత భాగపు కాంతిని ఆ గ్రాహకం మీదికి పంపుతాయి. గ్రాహకాల ధర ఎక్కువగా ఉండే పరారుణ కాంతికి ఇది అనుకూలం.
* 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 కృష్ణబిలం చిత్రం తయారీలో వాడిన పద్ధతులలో ఒకటి విరళత్వం మీద ఆధారపడింది.
* అనేకుల రక్త నమూనాలను కలిపి పరీక్షించే ఆలోచనను రాబర్ట్ డార్ఫ్‌మన్ 1943లోనే ప్రతిపాదించారు. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, భారత వైద్య పరిశోధన మండలి ఐదు నమూనాల వరకు కలిపి పరీక్షించడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఐ.ఐ.టి. బొంబాయి పరిశోధకులు, ఇతరులు కలసి రూపొందించిన టాపెస్ట్రీ పద్ధతిలో ప్రతి నమూనాను అనేక కలయికలలో చేర్చి, కంప్రెస్డ్ సెన్సింగ్ ద్వారా వ్యాధిగ్రస్తులను గుర్తిస్తారు.

పరిమితులు

విరళత్వం లేని చోట ఈ సిద్ధాంతం ఏ హామీ ఇవ్వదు. వ్యాధి ఎక్కువ మందికి సోకినపుడు నమూనాలను కలిపి పరీక్షించడం లాభదాయకం కాదు. కొలతలు అవసరమైన దానికంటే తక్కువైతే బొమ్మలోని సన్నని వివరాలు చెరిగిపోతాయి. పైగా ఎం.ఆర్.ఐ.లో కొలతలను పూర్తిగా యాదృచ్ఛికంగా ఎంచుకోవడం మంచిది కాదు. తక్కువ పౌనఃపున్యాల వద్ద ఎక్కువగా, ఎక్కువ పౌనఃపున్యాల వద్ద తక్కువగా కొలవడమే మేలని అనుభవంలో తేలింది. దీనికి తగిన సిద్ధాంతాన్ని బెన్ ఆడ్‌కాక్, ఆండర్స్ హాన్సెన్, వారి సహచరులు 2017లో ప్రచురించారు.

కృత్రిమ మేధతో పోలిక

2016 తరువాత తక్కువ కొలతల నుండి బొమ్మలు నిర్మించడానికి న్యూరల్ నెట్‌వర్కుల వాడకం పెరిగింది. వేల కొద్దీ పాత స్కానులు చూసి ఇవి శరీరపు బొమ్మలు ఎలా ఉంటాయో నేర్చుకుంటాయి. వీటి ఫలితాలు చాలా సందర్భాలలో మరింత స్పష్టంగా ఉంటాయి. కాని స్పష్టంగా కనిపించే బొమ్మ నిజమైనదే అన్న భరోసా లేదు. 2020లో వేగార్డ్ ఆంటున్, హాన్సెన్, వారి సహచరులు కొన్ని నెట్‌వర్కులను పరీక్షించారు. కొలతలలో కంటికి కనిపించనంత చిన్న మార్పు చేస్తే బొమ్మలో పెద్ద దోషాలు రావచ్చునని, కణితి వంటి చిన్న వివరం మాయం కావచ్చునని, కొన్నిటిలో కొలతలు పెంచితే ఫలితం ఇంకా చెడవచ్చునని వారు చూపించారు. తగిన శిక్షణ ఇస్తే నెట్‌వర్కులు కూడా నిలకడగా పనిచేస్తాయని మరికొన్ని పరిశోధనలు పేర్కొన్నాయి.

స్థిరంగా పనిచేసే నెట్‌వర్కు ఉన్నదని గణితం నిరూపించగలిగిన కొన్ని సమస్యలలో కూడా, దానిని శిక్షణ ద్వారా కనుగొనే పద్ధతి ఏదీ ఉండదని 2022లో మాథ్యూ కోల్‌బ్రూక్, ఆంటున్, హాన్సెన్ నిరూపించారు. అందువల్ల రెండు మార్గాలనూ కలపడం ప్రస్తుత పరిశోధనలో ముఖ్యాంశంగా ఉంది. విరళత్వ సిద్ధాంతపు గణన దశలను నెట్‌వర్కు పొరలుగా మార్చి, వాటిలోని స్థిరాంకాలను మాత్రం దత్తాంశాల నుండి నేర్పించడం అటువంటి పద్ధతులలో ఒకటి. స్కానరులో రోగి గడిపే నిమిషాలను తగ్గిస్తూనే, వైద్యుడు చూస్తున్న మచ్చ రోగి శరీరంలో నిజంగా ఉన్నదని హామీ ఇవ్వగలగడం వీటి లక్ష్యం.