కొలతకు తగిన సైకిలు, హద్దుకు లోబడిన కోరిక

రెండేళ్ళ క్రితం షవ్వాల్ మాసంలో బర్మింగ్‌హామ్ నుండి ఒక పూర్వ విద్యార్థి ఫోను చేశాడు. కుశల ప్రశ్నలు ముగిశాక కొంత తటపటాయించి, "హజ్రత్, నా కొలతలకు ఒక సైకిలు ఫ్రేమ్ చేయించుకోవాలని చాలాకాలంగా ఆశ. అది ఇస్రాఫ్ అవుతుందా?" అని అడిగాడు. హద్దు మీరిన వ్యయాన్నే ఇస్రాఫ్ అంటారు. ధర ఎంత అన్నాను. ఫ్రేమ్, ముందు ఫోర్కు కలిపి రెండు వేల పౌన్లు, అంటే మన రూపాయల్లో రెండు లక్షల పైమాటే అన్నాడు. చక్రాలు, సీటు, బ్రేకులు, చైను అందులో చేరలేదు.

'దుబారాయే' అన్న జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. కాని, ఒక విషయపు స్వరూపం తెలియకుండా దానిపై తీర్పు చెప్పరాదన్నది మా గురువులు మాకు నేర్పిన తొలి పాఠాలలో ఒకటి. అందుకే వారం రోజుల గడువు అడిగాను. ఆ వారంలో అతను వివరించినదీ, నేను చదివి తెలుసుకున్నదీ, చివరికి నేను చెప్పిన సమాధానమూ పాఠకుల ముందుంచుతున్నాను. సైకిలు కొనే ఆలోచన లేనివారికి కూడా ఇందులో పనికివచ్చే విషయం ఉంటుందని నా నమ్మకం.

అవసరం ఎక్కడిది?

ఆ యువకుడి ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం. కారు లేదు. ఇంటి నుండి ఆసుపత్రికి తొమ్మిది మైళ్ళు. వానైనా, చలైనా సైకిలు మీదనే రాకపోకలు. దుకాణాలలో దొరికే సైకిళ్ళు చిన్న, మధ్య, పెద్ద అంటూ కొద్ది సైజులలోనే తయారవుతాయి. మధ్యస్థమైన శరీరాలకు అవి సరిపోతాయి. బాగా పొడవైనవారు, బాగా పొట్టివారు, కాళ్ళ పొడవులో తేడా ఉన్నవారు ఆ అంచనాలలో ఇమడరు. ఇతను సీటును పైకి లేపుకుంటే హ్యాండిల్ కిందనే ఉండిపోయేది. దానిని అందుకోవడానికి వంగితే శరీర భారమంతా అరచేతులపై పడేది. రెండు సైకిళ్ళు మార్చినా చేతుల తిమ్మిరి, నడుము నొప్పి వదలలేదు.

సైకిలుకు ఫ్రేమ్ అస్థిపంజరం వంటిది. సీటు, హ్యాండిల్, చక్రాలు, పెడళ్ళు అన్నీ మార్చుకోవచ్చు. ఫ్రేమ్‌లోని గొట్టాల పొడవులను, అవి కలిసే కోణాలను మార్చుకోలేము. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అనే సైకిలును తెచ్చాడు. రెండు చక్రాలు దాదాపు సమానంగా ఉండి, వెనుక చక్రం గొలుసుతో తిరిగే ఈ పద్ధతి నుండే నేటి సైకిలు రూపుదిద్దుకున్నది. ఆ కవెంట్రీ బర్మింగ్‌హామ్‌కు పొరుగు నగరమే.

కొలతలు తీసే విధం

చేతితో ఫ్రేమ్ చేసే నిపుణుడు గొట్టాన్ని కోయడానికి ముందు మనిషిని కొలుస్తాడు. మొదటిది కాలి లోపలి కొలత. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య నుండి నేల వరకు కొలుస్తారు. దానిని 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు సుమారుగా తెలుస్తుంది. ఇతని కొలత 93 సెంటీమీటర్లు. అంటే సీటు ఎత్తు దాదాపు 82 సెంటీమీటర్లు. ఇది ఆరంభపు అంచనా మాత్రమే. తొక్కి చూసిన తరువాత కొంత పైకో, కిందికో సవరించుకోవాలి.

ఆ తరువాత మొండెం పొడవు, చేతుల పొడవు, భుజాల వెడల్పు కొలుస్తారు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం, హ్యాండిల్ ఎత్తు వీటిపై ఆధారపడతాయి. సీటు గొట్టం సాధారణంగా 72 నుండి 74 డిగ్రీల వాలులో ఉంటుంది. వెనుక క్యారియర్‌పై సంచి పెట్టుకునేవారికి పెడల్ ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం కొంత ఎక్కువ కావాలి. లేకుంటే మడమ సంచికి తగులుతుంది. వెడల్పు టైర్లకు, మడ్‌గార్డులకు చోటు కూడా ముందే చెప్పాలి. ఫ్రేమ్ పూర్తయ్యాక అడిగితే చేయగలిగింది తక్కువ.

ఇక్కడే ఆత్మవంచనకు అవకాశం ఉంది. పందెగాళ్ళ చిత్రాలు చూసి, తానూ అంతగా వంగి తొక్కగలనని ఊహించుకుని హ్యాండిల్‌ను కిందికి పెట్టించుకునేవారు ఉంటారు. ఆర్నెల్లు తిరగకముందే నడుము నిజం చెబుతుంది. వయసు, వంగగలిగే శక్తి, పాత గాయాలు, రోజూ వెళ్ళే దారి, మోసే బరువు ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పినవాడికే తగిన ఫ్రేమ్ దొరుకుతుంది.

ఏ లోహం? ఏ అతుకు?

ఫ్రేమ్‌కు ప్రధానంగా నాలుగు పదార్థాలున్నాయి. ఉక్కు బరువైనది, కాని గట్టిది. అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతు, బిగువు కూడా దాదాపు మూడోవంతే. అందుకే ఆ గొట్టాలను లావుగా చేస్తారు. టైటానియం ఈ రెండింటికీ మధ్యస్థం. తుప్పు పట్టదు, ధర మాత్రం ఎక్కువ. కార్బన్ అన్నిటికంటే తేలిక; కాని దానిని ఎక్కువగా అచ్చులలో తయారు చేస్తారు కనుక ఒక్క మనిషి కొలతకు చేయించడం ఖరీదైన పని.

కొలతలకు చేయించుకునేవారిలో చాలామంది ఇప్పటికీ ఉక్కునే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఉక్కు గొట్టాన్ని కావలసిన పొడవుకు కోసి, కావలసిన కోణంలో అతకవచ్చు. ఏళ్ళు గడిచాక ఒక గొట్టం సొట్టపోతే దానిని తీసి మరొకటి వేయవచ్చు. తుప్పు మాత్రం దాని శత్రువు. ఇంగ్లండులో చలికాలం రోడ్లపై ఉప్పు చల్లుతారు కనుక గొట్టాల లోపలి వైపు కూడా తుప్పు పట్టకుండా పూత వేయించుకోవడం అవసరం.

ఈ గొట్టాల చరిత్రలో బర్మింగ్‌హామ్‌కు పెద్ద స్థానం ఉన్నది. అక్కడి రేనాల్డ్స్ సంస్థ 1897లో ఒక పద్ధతికి పేటెంటు పొందింది. అతుకులు పడే రెండు చివరలలో గొట్టపు గోడ మందంగా, నడుమ పల్చగా ఉంచడమే ఆ పద్ధతి. చివరలు 0.8 మిల్లీమీటర్లుంటే నడుమ 0.5 మాత్రమే ఉండవచ్చు. బలం అవసరమైన చోటనే లోహం, అనవసరమైన చోట తగ్గింపు. ఇదే సంస్థ 1935లో తెచ్చిన '531' గొట్టాలు దశాబ్దాల పాటు సైకిలు ప్రియుల నోట నిలిచాయి. ఇటలీలోని మిలాన్ నగరంలో 1919లో మొదలైన కొలంబస్ సంస్థ కూడా ఈ రంగంలో ప్రసిద్ధమైనదే.

గొట్టాలను కలిపే పద్ధతులు మూడు. మొదటిది, 'లగ్' అనే ఉక్కు తొడుగులలో గొట్టాలను దూర్చి, ఇత్తడిని గాని వెండి మిశ్రమాన్ని గాని కరిగించి అతకడం. ఉక్కు దాదాపు 1500 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఇత్తడి సుమారు 900 డిగ్రీలకు, వెండి మిశ్రమాలు ఇంకా తక్కువ వేడికే కరుగుతాయి. కనుక గొట్టం కరగకుండానే అతుకు పడుతుంది. రెండవది, తొడుగు లేకుండా ఇత్తడిని నింపి, ఆకురాయితో నున్నగా అరగదీయడం. దీనికి శ్రమ ఎక్కువ. మూడవది, గొట్టాల అంచులనే కరిగించి కలిపే టిగ్ వెల్డింగు. ఇది త్వరగా పూర్తవుతుంది, ఖర్చు తక్కువ, ఏ కోణానికైనా వీలైనది. నిపుణుని చేతిలో మూడూ దృఢమైనవే.

మన యువకుని కల మొదటి పద్ధతిది. అంచులు పూలరెమ్మల వలె చెక్కిన తొడుగులు, రెండు రంగుల పూత, వెండిలా మెరిసే ఫోర్కు. ఆ రెండు వేల పౌన్లలో వీటి వాటా చిన్నదేమీ కాదు.

దావూద్ ప్రవక్త, లోహవిద్య

ఇనుమును అల్లాహ్ దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) చేతిలో మెత్తపరచిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లోని 'సబా' సూరాలో ఉన్నది. కవచాలు చేయమని, వాటి కడియాలను సరియైన కొలతతో కూర్చమని ఆయనకు ఆదేశమైనట్లు కూడా అక్కడే ఉన్నది. ఎన్నోసార్లు ఈ పాఠం చెప్పాను గాని, ఆ కొలత ఎందుకో ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. కడియాలు మరీ వదులైతే కవచం రక్షించదు, మరీ బిగువైతే తొడిగినవాడు కదలలేడు. మనిషి దేహానికి తగినట్లు లోహాన్ని మలచడం హీనమైన పని కాదు. ఒక ప్రవక్తకు నేర్పబడిన విద్య అది. కనుక కొలతకు చేయించుకోవడమే దుబారా అన్న నా తొలి అభిప్రాయం నిలవలేదు.

చేయించుకునే ఒప్పందం

తయారు కాని వస్తువును ఫలానా విధంగా చేసివ్వమని కోరి చేసుకునే ఒప్పందాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు 'ఇస్తిస్నా' అంటాయి. ముడిసరుకు తయారీదారుదే కావాలి. దర్జీకి మనమే బట్ట ఇస్తే అది కూలి ఒప్పందం. చెప్పులు కుట్టేవాడు తోలు తానే తెచ్చుకుని మన పాదానికి కుట్టి ఇస్తే అది ఇస్తిస్నా. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ కోసం ఉంగరం చేయించుకున్నట్లు, మస్జిదు కోసం కొయ్య మింబర్ చేయించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది.

చేసిన వస్తువును చూశాక వద్దనే హక్కు కొనుగోలుదారుకు ఉంటుందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. చెప్పిన లక్షణాలన్నీ సరిగ్గా ఉంటే తిరస్కరించే హక్కు లేదని ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. ఉస్మానియా రాజ్యపు 'మజల్లా' ధర్మస్మృతి రెండవ అభిప్రాయాన్నే స్వీకరించింది. 1992లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా ఈ ఒప్పందం ఉభయులకూ కట్టుబాటేనని తీర్మానించింది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి చేసిన ఫ్రేమ్‌ను అతను వద్దంటే మరెవరు కొంటారు? కళాకారుని కష్టానికి ఈ రక్షణ న్యాయమే.

అయితే ఆ న్యాయం నిలవాలంటే వివరాలు స్పష్టంగా ఉండాలి. అందుకే అతనికి ఇలా చెప్పాను: గొట్టాల రకం, అతికే పద్ధతి, ప్రతి పొడవు, ప్రతి కోణం, టైరు వెడల్పు, రంగు, ధర, ఇచ్చే తేదీ అన్నీ కాగితంపై ఉండాలి. గీసిన నమూనా చూసి, సంతకం చేసిన తరువాతే కోత మొదలు కావాలి. మొత్తం ధర ముందే చెల్లించడం ఇస్తిస్నాలో తప్పనిసరి కాదు, విడతలుగా ఇవ్వవచ్చు. తయారీదారు పని ఆపేస్తే అడ్వాన్సు గతేమిటో, అతుకు విరిగితే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి. వడ్డీతో కూడిన వాయిదాల జోలికి మాత్రం పోరాదు.

అడగవలసిన అసలు ప్రశ్న

వారం తరువాత ఫోనులో ఇదంతా చెప్పి, "ఇందులో నీ నడుముకు కావలసినదెంత, కళ్ళకు కావలసినదెంత, నలుగురి కళ్ళకు కావలసినదెంత?" అని అడిగాను. నవ్వి, చెక్కిన తొడుగులు, మెరిసే ఫోర్కు మూడో లెక్కలోవేనని ఒప్పుకున్నాడు. తన బరువుకు, ఎత్తుకు లావు గొట్టాలు, టిగ్ వెల్డింగే నయమని తయారీదారు మొదటే సలహా ఇచ్చాడట. వాటిని వదులుకుంటే ధర పదిహేను వందలకు దిగుతుంది. అందం కోరడం తప్పు కాదు, ఒక్క మంచి రంగు వేయించుకోమన్నాను.

"ఇంకొక్క మాట బేటా. ఎవరికైనా బాకీ ఉన్నావా?"

కొంతసేపు మాట లేదు. "ఇక్కడికి వచ్చేటప్పుడు అన్నయ్య లక్షన్నర ఇచ్చాడు హజ్రత్. ఆయన ఎప్పుడూ అడగలేదు."

"అడగకపోవడం ఆయన మంచితనం. తీర్చడం నీ బాధ్యత. ఫ్రేమ్ ధర్మసమ్మతమే, కాని దాని వంతు ఆ బాకీ తరువాతే."

అతను బాధపడ్డాడని గొంతు చెప్పింది. అప్పటికే మూడేళ్ళు ఆశపడ్డవాడు. అయినా దాచుకున్న సొమ్ములో నుండి ఆ నెలలోనే సగం పంపాడు, మిగిలినది ఎనిమిది నెలలలో తీర్చాడు. ఆ అన్నయ్య తరువాత ఒకసారి మదరసాకు వచ్చాడు. కుమార్తె కళాశాల రుసుము కట్టలేక దుకాణంలోని సరుకును అయినకాడికి అమ్మాలనుకుంటున్న రోజులలోనే తమ్ముడి మొదటి విడత అందిందని చెప్పాడు. 'పరాయి దేశంలో ఉన్నవాడిని ఎలా అడగను?' అని ఊరుకున్నాడట. ఫ్రేమ్ సంగతి ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు.

నిరుడు చలికాలం ముగిసేనాటికి ఆ యువకుని ఫ్రేమ్ తయారైంది. ముదురు ఆకుపచ్చ రంగు, మడ్‌గార్డులు, వెనుక క్యారియర్. చేతుల తిమ్మిరి పోయిందని, నడుము నొప్పి చాలావరకు తగ్గిందని చెప్పాడు.

పాఠక మహాశయులారా! మన ఇళ్ళలోనూ ప్రతి ఒక్కరికీ ఇటువంటి కల ఒకటి ఉంటుంది. ఒకరికి చేయించుకునే నగ, ఒకరికి టేకు మంచం, ఒకరికి కొత్త ఇల్లు. వ్యయంలో దుబారాకూ పిసినారితనానికీ నడుమ నడిచేవారిని 'ఫుర్ఖాన్' సూరా మెచ్చుకుంటుంది. కనుక మంచి వస్తువును కోరినందుకు ఎవరినీ నిందించవద్దు. బయానా ఇచ్చే ముందు మాత్రం మొగమాటంతో నోరు విప్పని ఆ అన్నయ్య వంటివారు మన బంధువులలో ఎవరైనా ఉన్నారేమో ఒకసారి లెక్క చూసుకుందాం. హక్కుదారుల హక్కులను వారు అడగకముందే చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.